ఆరో జవాబు

నోవై, మిషిగన్
అక్టోబరు 20, 2024

బావగారికి శేషగిరి నమస్కారాలు.

నా దస్తూరీ బాగుండదు. తప్పులు కూడా దొర్లుతాయి. ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి. ఎలాగో కూడబలుక్కుని చదువుకోండి.

ఫోన్లో చెప్పవచ్చు. కానీ మీరు మాట్లాడుతుంటే నాకు నోరు పెగలదు. నేను మాట్లాడితే మీ చెవిలో మిషను కూతపెడుతుందని ఛాయాదేవి చెల్లెమ్మ చెప్పింది. అందుకని రాస్తున్నాను.

మొన్న శనివారం మీరు నైనికను డిసెంబరులో రెడ్‌మండ్ పంపమన్నారు. ఫిబ్రవరిలో పరీక్ష అయ్యేదాకా మీ దగ్గరే ఉంచుకుంటానన్నారు. నేను సరేనన్నాను. సరే కాదు. పంపడం నాకు ఇష్టం లేదు.

మీ కూతురి బిడ్డ. కాదనను. నా కొడుకు బిడ్డ కూడా. రాకేష్, శ్రీవిద్య పొద్దున కార్లలో వెళ్తే చీకటి పడ్డాక వస్తారు. వచ్చాక ఎవరి కంప్యూటర్ వాళ్ళది. వాళ్ళ తప్పు కాదు. ఇక్కడి ఉద్యోగాలు అలాంటివి. సాయంత్రం వంటింటి బల్ల దగ్గర నైనిక ఒక్కతే నాతో కూర్చుంటుంది. లా కాలేజీ పరీక్షకు వచ్చే ప్రశ్న ఒకటి తీసి, తనకొచ్చిన తెలుగులో నాకు చెప్తుంది. నేను జవాబు చెప్తాను. ఎప్పుడూ తప్పే. ఎందుకు తప్పో తను నాకు విడమరిచి చెప్తుంది. అలా చెప్తే తనకు బాగా పట్టుబడుతుందట. "నువ్వు రాంగ్ తాతయ్యా, కానీ గుడ్ రాంగ్" అంటుంది.

ఎవరికీ నష్టం లేని పని. ఈ ఇంట్లో నాతో రోజూ మాట్లాడే మనిషి తనే. అది మీకు తెలియాలి.

టికెట్టు కొనకండి. సంగతి తేల్చి రాయండి.

శేషగిరి

*

రెడ్‌మండ్, వాషింగ్టన్
అక్టోబరు 29, 2024

శేషగిరి బావగారికి,

మీ దస్తూరీకి వచ్చిన లోటేమీ లేదు. లోటంతా విషయంలోనే ఉంది.

టికెట్టు కొనేశాను. "సరే" అన్న మనిషి మాట నమ్మి కొన్నాను. నేను ఈ దేశం వచ్చి యాభై ఏళ్ళు దాటింది. ఇక్కడ సరే అంటే సరే. ఫోన్లో తలూపి, తర్వాత తీరిగ్గా ఉత్తరం రాసి "సరే కాదు" అనడం మగపెళ్ళివారికే చెల్లింది.

ఇక అసలు సంగతి. నైనిక జూన్‌లో ఒకసారి ఈ పరీక్ష రాసింది. వాదనల భాగం ఫరవాలేదు. అమరికల భాగంలో దెబ్బతింది. అంటే ఎవరు ఎవరి పక్కన కూర్చుంటారు, ఎవరి తర్వాత ఎవరు వస్తారు, అలాంటి లెక్కలన్నమాట. అప్పటినుంచీ ప్రతి శనివారం నేనే వీడియోలో పాఠం చెప్తున్నాను. పుస్తకాల్లో లెక్కలు చాలక నేనే సొంతంగా కట్టడం మొదలుపెట్టాను. పెళ్ళి భోజనాల బంతి తీసుకున్నాను. మేనమామ ఆడపడుచు పక్కన కూర్చోడు. పురోహితుడికి ఇటు మజ్జిగ పోసుకోనివాడు, అటు నెయ్యి వద్దనేవాడు ఉండాలి. పిన్నికీ పెద్దమ్మకూ మధ్య కనీసం ఇద్దరుండాలి, లేకపోతే కొట్టుకుంటారు. ఇలా సాగుతాయి. ఇక్కడ పుట్టిన పిల్లకు లాజిక్కూ వస్తుంది, చుట్టరికాలూ తెలుస్తాయి. ఛాయ కూడా "ఈ వయసులో మీకింత ఓపిక ఎక్కణ్ణుంచి వచ్చింది" అని ఆశ్చర్యపోతోంది.

మరి మీ వంటింటి బడిలో ఏం జరుగుతోంది? పిల్ల తనే నవ్వుతూ చెప్పింది. ప్రశ్న ఇది: "కుక్కలున్నవాళ్ళందరూ సాయంత్రం నడకకు వెళ్తారు. లీల సాయంత్రం నడకకు వెళ్తుంది. కాబట్టి లీల ఇంట్లో కుక్క ఉంది. ఈ వాదనలో దోషమేమిటి?" దానికి మీ జవాబు: "దోషమేముంది? కుక్క లేకపోతే ఈ చలిలో ఎవరు బయటికెళ్తారు?"

బావగారూ, ప్రశ్నలో చలి ఎక్కడుంది? లీల మిషిగన్లో ఉంటుందని మీకెవరు చెప్పారు? కుక్క లేనివాళ్ళు కూడా నడవవచ్చు కదా! ఈ పరీక్షకు మొదటి నియమం ఒక్కటే. కాగితం మీద ఏముందో అదే ఉంది. లేనిది కలపకూడదు. మీరేమో ప్రతిదానికీ మీ వీధినీ, మీ మంచునూ, మీ గతాన్నీ కలిపేస్తారు. రోజూ అది వింటే ఎంత చురుకైన పిల్లకైనా బుర్ర మొద్దుబారుతుంది. ఈ మధ్య తన ప్రాక్టీసు మార్కులు కదలడం లేదు. కారణం నాకు దొరికింది.

మీ అసలు బాధ కూడా నాకు దొరికింది. పిల్ల వెళ్తే సాయంత్రం కాఫీ కలిపి చేతికిచ్చేవాళ్ళుండరు. అది పైకి అనలేక చదువును అడ్డం పెడుతున్నారు. మనసులో ఒకటి పెట్టుకుని ఊరుకోవడం మీకు అలవాటే. మా శ్రీవిద్య పెళ్ళిలో వియ్యాలవారి బంతిలో మీకు మొదటి ఆకు వేయించాను. నేనే స్వయంగా చెయ్యి పట్టుకుని తీసుకొద్దామని వస్తే మీరు లేరు. వెనక పందిట్లో వంటవాళ్ళతో కలిసి తినేసి చెయ్యి కడుక్కుంటున్నారు. పెళ్ళికొడుకు తండ్రి అలిగాడని బంధువులందరూ గుసగుసలు. ఏ మర్యాద తక్కువైందో ఇన్నేళ్ళూ మీరు చెప్పలేదు, నేను అడగలేదు.

డిసెంబరు మొదటి శనివారం విమానం. సామాను సర్దించండి.

విశ్వనాథం

*

నోవై
నవంబరు 7, 2024

బావగారికి నమస్కారాలు.

నేను కాఫీ తాగను. మా ఆవిడ పోయినప్పుడే మానేశాను. మీరు మా ఇంటికి వచ్చినప్పుడల్లా నా గ్లాసులో మజ్జిగే ఉంది. మీరు చూడలేదు. నా ఉత్తరంలో కాఫీ మాట ఎక్కడుంది? లేనిది కలపకూడదని రాసింది మీరే.

పెళ్ళిలో మర్యాద ఏమీ తక్కువ కాలేదు. మీ బంతిలో అమెరికా నుంచి వచ్చినవాళ్ళందరూ ఇంగ్లీషులో మాట్లాడుకుంటున్నారు. మొదటి ఆకు దగ్గర కూర్చుంటే నన్నూ ఏదైనా అడుగుతారని భయమేసింది. వంటవాళ్ళు వెనక తెలుగులో మాట్లాడుకుంటున్నారు. వెళ్ళి వాళ్ళతో తిన్నాను. ఇందులో అలక ఏముంది?

మీరు కట్టిన బంతి లెక్కలు అమ్మాయి నాకు చూపించింది. ప్రతిదాంట్లో ఎస్ అనే ఆయన ఉంటాడు. ఎవరి పక్కనా కూర్చోడు. ఆయన్ని తీసుకెళ్ళి ఎప్పుడూ బంతి చివర పెట్టాలి. అమ్మాయి నాతో ఏమీ అనలేదు. నేనే పోల్చుకున్నాను. కాకపోతే కాదని రాయండి.

కుక్క సంగతి. మా వీధిలో చూసిందే చెప్పాను. ఇక్కడ నడిచేవాళ్ళందరి చేతిలోనూ తాడుంది. అది తప్పని అమ్మాయి చెప్పింది, ఒప్పుకున్నాను. మర్నాడు అలాంటిదే ఇంకోటి వచ్చింది. ఏదో కంపెనీ, ఏదో లాభాలు, నాకర్థం కాలేదు. తను ఇలా చూసి అలా పట్టేసింది. "ఇది కుక్క ప్రశ్నే తాతయ్యా, వేరే డ్రెస్ వేసుకుంది" అంది. బుర్ర మొద్దుబారిన పిల్ల అలా అనదు.

ఇంకోటి చెప్తాను. ఒక ఊళ్ళో కొత్త పోలీసు అధికారి వచ్చాక దొంగతనాలు తగ్గాయట. ఆయన వల్లే తగ్గాయని మేయరు అన్నాడట. ఆ మాటను ఏది బలహీనం చేస్తుందని ప్రశ్న. ఎత్తుకుపోవడానికి ఆ ఊళ్ళో ఇంకేమీ మిగల్లేదేమో అన్నాను. తను కుర్చీలో వెనక్కి వాలి చాలాసేపు నవ్వింది. తర్వాత నవ్వాపి, "వెయిట్, అది నిజంగా ఎందుకు కాకూడదు?" అని తనలో తనే వాదించుకుంది. ఆ రోజు తను చాలా ప్రశ్నలు సరిగ్గా చేసింది.

వెళ్తావా అని అడిగితే "మీ ఇద్దరూ ఏది అంటే అది" అంటోంది. ఇద్దరిలో నేను వద్దంటున్నాను. టికెట్టు రద్దు చేయండి.

శేషగిరి

*

రెడ్‌మండ్
నవంబరు 16, 2024

శేషగిరి బావగారికి,

ఎస్ అంటే ఎస్. అదొక అక్షరం. ఆ అక్షరంతో మొదలయ్యే మనిషి లోకంలో మీరొక్కరేనా? సోమయాజులు లేడా, సూరమ్మ లేదా? అది మీరేనని మీకు తోచిందంటే, ఎందుకు తోచిందో కాస్త ఆలోచించుకోండి. ఎవరి పక్కనా కూర్చోనివాడు ఎవరో నేను చెప్పనక్కరలేదు.

ఇంగ్లీషుకు భయపడి వంటవాళ్ళ దగ్గరికి వెళ్ళారట! నన్ను నమ్మమంటారా? మీ పక్క ఆకు మా బావమరిదిది. తెలుగు మేష్టారు. ఆయనకు ఇంగ్లీషులో గుడ్ మార్నింగ్ కూడా సరిగ్గా రాదు. చెప్పలేనప్పుడు ఊరుకోవాలి కానీ, ఇన్నేళ్ళు గడిచాక ఇలాంటి సాకు కట్టకూడదు.

ఇక్కడ వానలు పట్టుకున్నాయి. నాకు రెండు కళ్ళలోనూ శుక్లాలు. ఆగస్టులోనే ఆపరేషన్ చేస్తామన్నారు. చేయించుకుంటే కొన్ని వారాలు శనివారం పాఠం తప్పుతుందని వాయిదా వేశాను. భూతద్దం పెట్టుకుని లెక్కలు కడుతున్నాను. ఇప్పుడొక పెద్దది చేతిలో ఉంది. రెండు బంతులు ఎదురెదురుగా, మధ్యలో వడ్డించేవాడు ఒకడు, వాడు ఒకసారి వెళ్ళిన వైపు మళ్ళీ వెంటనే వెళ్ళకూడదు. ఇది విప్పగలిగితే పరీక్షలో ఏది వచ్చినా విప్పుతుంది. ఆ పిల్ల కోసం నేను చేస్తున్నది ఇది. మీరు తనకేమిచ్చారు? ఒక కుక్క.

శ్రీవిద్యతో మాట్లాడాను. ఆ సాయంత్రం తతంగం ఆపించమన్నాను. మీరు తమలపాకు తోట చేసినవారు, ఆకులు కట్టలు కట్టడంలో మీ చెయ్యి గొప్పదే కావచ్చు. ఇది ఆ పని కాదు. ఒక్కో ప్రశ్నకు నిమిషానికి కాస్త పైగా దొరుకుతుంది, అంతే. అక్కడ కూర్చుని దొంగలు ఏం ఎత్తుకుపోయారో ముచ్చట్లాడుకోవడానికి వీల్లేదు. మీకు కాలక్షేపం కావాలంటే చెప్పండి. వేరే పాకెట్టులో మీకో పజిల్స్ పుస్తకం పంపుతున్నాను. ఎనిమిదేళ్ళు దాటినవాళ్ళకు అని అట్ట మీద ఉంది. మీరు చేయగలరు.

విమానం డిసెంబరు ఏడున. మారదు.

విశ్వనాథం

*

నోవై
నవంబరు 24, 2024

బావగారికి.

ఈసారి నమస్కారం రాయడం లేదు. చెయ్యి రావడం లేదు.

మీ పుస్తకం తిరుగు టపాలో పంపించాను.

నిన్న భోజనాల దగ్గర మీ అమ్మాయి నాతో మాట్లాడింది. మర్యాదగానే మాట్లాడింది. "మామయ్యగారూ, పరీక్ష అయ్యేదాకా దాన్ని కొంచెం వదిలేయండి" అంది. నేనేదో పట్టుకున్నట్టు. నైనిక చెంచా కింద పెట్టి, "అమ్మా, ఇట్స్ నాట్ లైక్ దట్. నేనే కదా ఆయన దగ్గర కూర్చునేది" అంది.

"నీకు తెలీదు. రెడ్‌మండ్ తాతయ్య ఫోన్లో ఎంత బాధపడ్డాడో."

"నోవై తాతయ్య ఇక్కడే ఉన్నాడు అమ్మా. నీ ఎదురుగా."

"నేను కాదన్నానా? ఒక రెండు నెలలు అంటున్నాను."

రాకేష్ పళ్ళెంలోంచి తల ఎత్తలేదు. నేను చెయ్యి కడుక్కుని లేచాను. ఇవాళ పిల్ల పై గదిలో తలుపేసుకుని చదువుకుంటోంది. బల్ల దగ్గర నేనే ఉన్నాను. అక్కడే కూర్చుని ఇది రాస్తున్నాను.

పిల్లకు నేనేమిచ్చానని అడిగారు. మీరేమిచ్చారో చెప్తాను.

ఆ బంతి లెక్కలు పరీక్షలో లేవు. ఆగస్టులో తీసేశారు. ఆ భాగం మొత్తం ఎత్తేశారు. జూన్‌లో ఉండేది, ఇప్పుడు లేదు. ఇప్పుడు వచ్చేవి వాదనల ప్రశ్నలు, చదివి అర్థం చేసుకునేవి, అంతే. సంగతి తెలిసిన రోజే నైనిక నాకు చెప్పింది. మీకు చెప్పడానికి దానికి మనసు రాలేదు. మీరు కంటి ఆపరేషన్ మానుకుని లెక్కలు కడుతున్నారు, చెప్తే చిన్నబోతారు అంది. "రెడ్‌మండ్ తాతయ్యకు చెప్పనని ఒట్టు వెయ్యి" అని నా చేత తన తల మీద చెయ్యి పెట్టించింది.

ప్రతి శనివారం పిల్ల మీ ముందు కూర్చుని పరీక్షలో రాని లెక్కలు చేస్తోంది. మార్కులు ఎందుకు కదలడం లేదో మీకు దొరికిందన్నారు. నాకూ దొరికింది.

ఇన్నాళ్ళూ మీరు ఎన్ని అన్నా చెప్పలేదు. ఇప్పుడు చెప్పాను. నమ్మకపోతే కంప్యూటర్‌లో చూసుకోండి.

శేషగిరి

*

రెడ్‌మండ్
డిసెంబరు 3, 2024

శేషగిరిగారికి,

చూసుకున్నాను. నిజమే.

శనివారం నైనిక ఎప్పటిలాగే వీడియోలోకి వచ్చింది. నేనేమీ ఎరగనట్టు ఆ రెండు బంతుల లెక్క ఇచ్చాను. వడ్డించేవాణ్ణి ఎక్కడ నిలబెట్టాలో తెలియక పెన్సిల్ కొరుకుతూ కూర్చుంది. "సూపర్ హార్డ్ తాతయ్యా" అంది. నిజంగానే కష్టపడింది. దాన్ని చూస్తూ అడిగాను.

"ఇలాంటిది పరీక్షలో వస్తుందంటావా?"

"వస్తుంది తాతయ్యా. డెఫినెట్‌గా వస్తుంది."

"మీ నోవై తాతయ్య ఉత్తరం రాశాడు."

పెన్సిల్ కింద పెట్టింది. "ఏమని?" అంది. నేను ఆ లెక్క కాగితం మడిచి పక్కన పెట్టాను. దానికి అర్థమైంది. కెమెరా ఆపేసింది. నల్లటి తెర మీద దాని పేరు మాత్రం ఉంది. వెనక ఏడుపు వినిపించిందో, నా చెవిలో మిషనే అలా మోగిందో తెలియదు.

"ఆయన నిజమే కదా రాశారు" అంటోంది ఛాయ. నిజం రాసినందుకు కాదు నా కోపం. ఆగస్టు నుంచీ దాన్ని చేతిలో పెట్టుకుని కూర్చున్నారు. మీకు అవసరం పడిన రోజున తీశారు. నా మంచి కోరినవారైతే ఆగస్టులోనే చెప్పేవారు. పిల్ల మంచి కోరినవారైతే ఎప్పటికీ చెప్పేవారు కాదు. మీరు ఆ రెండూ చేయలేదు. కాబట్టి మీరు మీకోసమే చెప్పారు. ఈ వాదనలో దోషం ఉంటే చూపించండి.

టికెట్టు రద్దు చేశాను. కాగితాలన్నీ రీసైకిల్ డబ్బాలో వేశాను. పిల్ల మీ దగ్గరే ఉంటుంది. మీరు గెలిచారు. ఇక రాయవలసిన అవసరం లేదు.

విశ్వనాథం

*

నోవై
డిసెంబరు 14, 2024

బావగారికి.

దోషం లేదు. నా కోసమే చెప్పాను.

కానీ ఉత్తరం సంగతి మీరు దానికి చెప్పకుండా ఉండవలసింది. కంప్యూటర్‌లో మీ అంతట మీరే చూశానంటే సరిపోయేది. మీ కడుపు మంట చల్లారడానికి నన్ను పట్టించారు. మీరు కూడా మీకోసమే చెప్పారు.

అమ్మాయి నాతో మాట్లాడటం లేదు. ఆ రోజు మేడ మీద నుంచి దిగి వచ్చింది. "నా తల మీద చెయ్యి పెట్టావు కదా తాతయ్యా" అంది. అంతే. అప్పటినుంచి అన్నం వేడి చేసి నా ముందు పెట్టి వెళ్ళిపోతోంది. ఉప్పు కావాలా అని కూడా అడగదు. ఒకరోజు నేనే ఒక ప్రశ్న చెప్పమన్నాను. "ఎందుకు, ఎవరికి చెప్తావు?" అంది.

మీరు టికెట్టు రద్దు చేశారు. తనే కొనుక్కుంది. శుక్రవారం బయల్దేరుతోంది. మీ దగ్గరే ఉండి పరీక్ష అక్కడే రాస్తుందట. ఆయన్ని ఒంటరిగా వదలలేనని వాళ్ళమ్మతో చెప్పింది. నేను పక్కనే కూరగాయలు తరుగుతున్నాను.

నేను గెలిచానని రాశారు. ఒకసారి వచ్చి చూసి వెళ్ళండి.

దానికి తల తడిస్తే గొంతు పట్టేస్తుంది. అక్కడ ఎప్పుడూ వాన అంటారు. టోపీ పెట్టుకోమంటే పెట్టుకోదు. మీరు గట్టిగా చెప్పండి. ఇది మీ మీద దయతో రాస్తున్నది కాదు.

శేషగిరి

*

రెడ్‌మండ్
జనవరి 9, 2025

శేషగిరిగారికి,

రాయకూడదనే అనుకున్నాను. పిల్ల క్షేమం. టోపీ ఛాయ కొనిపెట్టింది, నేను తిట్టి పెట్టిస్తున్నాను. కంటి ఆపరేషన్ కూడా పిల్లే దగ్గరుండి చేయించింది. ఒక కన్ను అయింది. దాంతోనే ఇది రాస్తున్నాను.

ఇప్పుడు రాయబోయేది మీకు రాయవలసి రావడం నాకు తలవంపులు. అయినా రాస్తాను.

పాఠం చెప్తానంటే అది ఒప్పుకోలేదు. "మీ నోవై తాతయ్యకు చేసినట్టే నాకూ చెయ్యి, ప్రశ్న చదువు, నేను జవాబు చెప్తాను" అన్నాను. సరేనని చదివింది. నేను సరైన జవాబు చెప్పాను. చప్పట్లు కొట్టింది. ఇంకోటి చదివింది. అదీ సరిగ్గా చెప్పాను. కొన్నాళ్ళకు చప్పట్లు పోయాయి. మొన్న లాప్‌టాప్ మూసేసింది.

"నువ్వు అన్నీ రైట్ చెప్తే నేనేం చెయ్యాలి తాతయ్యా?"

"నేర్చుకోవాలి."

"ఏం నేర్చుకోవాలి? నువ్వు తెలివైనవాడివి అని నేర్చుకోవాలా? నోవై తాతయ్య అయితే ఇచ్చిన ఐదు జవాబుల్లో ఒకటి చెప్పడు. ఆరోది చెప్తాడు. అది ఎందుకు కాదో చెప్పాలంటే నేను ప్రశ్న మొత్తం విప్పి మళ్ళీ కుట్టాలి. అప్పుడే నాకు తెలుస్తుంది."

సరే అని నేను కావాలని తప్పు చెప్పి చూశాను. వెంటనే పట్టేసింది. "ఫేక్ తప్పులు వద్దు" అంది. బావగారూ, నాకు తప్పు చెప్పడం చేతకావడం లేదు. మీరు నవ్వుకోవచ్చు.

మీతో ఫోన్లో మాట్లాడమన్నాను. "ఒట్టు తప్పాడు" అంది. ఇంకా లా కాలేజీలో చేరనే లేదు, అప్పుడే శిక్ష వేసి కూర్చుంది. మీ తరఫున నేను వాదించలేదు. వాదించను కూడా. ఉత్తరంలో మీకొక ప్రశ్న పంపుతానని మాత్రం చెప్పాను. దాపరికాలతో ఇప్పటికే విసిగిపోయాను. "ఆయన జవాబు పంపితే చూస్తాను" అంది. మాట్లాడతానని అనలేదు. రెండింటికీ తేడా ఉంది, కలపకండి.

ప్రశ్న ఇది: "ఒక ఆఫీసులో ఒకాయన ఉద్యోగం మానేశాడు. ఆయన వెళ్ళిపోయాక మిగిలినవాళ్ళు మునుపటికంటే ఎక్కువ పని చేస్తున్నారు. కాబట్టి ఉన్నన్నాళ్ళూ ఆయనే వాళ్ళ పనికి అడ్డుపడ్డాడు అని మేనేజరు తేల్చాడు. మేనేజరు ఏ సంగతి పట్టించుకోలేదు?"

ఐదు జవాబులూ రాయడం లేదు. మీకవి అక్కరలేదు.

దీన్ని రాజీ అనుకోకండి. నా కోపం ఎక్కడికీ పోలేదు. పరీక్షకు ఇంకో నెల కూడా లేదు. మీ తప్పు ఒకటి కావాలి, అంతే.

విశ్వనాథం

*

నోవై
జనవరి 17, 2025

బావగారికి.

ఈ ప్రశ్న మీరు ఏరి మరీ పంపారు. నేను పక్కన లేకపోతే పిల్ల బాగా చదువుతోందని నాకు చెప్పడానికి. కాదని రాసినా నమ్మను. చదవగానే చింపేయబోయాను. కింద జవాబు కావాలని ఉంది కాబట్టి ఆగాను.

జవాబు మీకు కాదు. తనకు చదివి వినిపించండి. నేను రాసిందే చదవండి. మీ మాటలు కలపకండి.

నైనికా. ఒట్టు తప్పాను. నువ్వు వేసిన శిక్ష తగ్గించమని రాయడం లేదు. ప్రశ్నకు జవాబు రాస్తున్నాను.

మేనేజరు పని చూశాడు, మనుషుల్ని చూడలేదు. నువ్వు వెళ్ళాక ఈ ఇంట్లో నేను చాలా పని చేస్తున్నాను. మంచు పడినప్పుడల్లా పార పట్టుకుని వాకిలి తోస్తున్నాను. మనది అయ్యాక పక్కింటివాళ్ళది కూడా తోస్తున్నాను. వాళ్ళు వద్దన్నారు, అర్థం కానట్టు ఊరుకున్నాను. గిన్నెలు మిషన్లో వేయకుండా చేత్తో తోముతున్నాను. గరాజ్ అంతా సర్దాను. "నాన్న ఈ మధ్య హుషారుగా ఉంటున్నాడు" అని మీ నాన్న మీ అమ్మతో అన్నాడు. మీ అమ్మ నిజమే అంది. ఆ మేనేజరు కూడా వాళ్ళలాగే అనుకున్నాడు.

నువ్వున్నప్పుడు ఇవేమీ చేయలేదు. నువ్వు అడ్డుపడి కాదు. సాయంత్రమైతే బల్ల దగ్గర కూర్చోవడానికి నాకొక కారణం ఉండేది. ఇప్పుడు కూర్చుంటే నీ కుర్చీ కనిపిస్తుంది. అందుకని కూర్చోను. పని చేస్తాను.

ఆ ఆఫీసువాళ్ళకూ అదే జరిగి ఉంటుంది. వెళ్ళిపోయినాయన వాళ్ళకు కావలసినవాడు. తల ఎత్తితే ఆయన కుర్చీ కనిపిస్తుందని తల ఎత్తకుండా పని చేస్తున్నారు. ఇది నా జవాబు. ప్రశ్నలో లేనివి చాలా కలిపానని తెలుసు. ఎక్కడ తప్పానో నువ్వు చెప్పాలి. ఇంకెవరు చెప్పినా ఒప్పుకోను.

బావగారూ, మీరు దిద్దకండి. తన చేతే రాయించి పంపండి. చదువుకోవాలి, తీరిక లేదు అంటే ఒక్క మాట రాస్తే చాలు, తప్పు అని. పోస్టు వ్యాను మధ్యాహ్నం దాటాక వస్తుంది. నేను వాకిట్లోనే ఉంటున్నాను. త్వరగా రాయమనండి.

శేషగిరి